దీపము నడచిన దారి

ఆలూరిలో మా బంధువుల మిద్దెయింట, మొన్నటి వేసవిలో ఒకనాటి సాయంకాలము, పెద్దలు నలుగురును పిల్లలు ఏడెనిమిది మందియు సున్నము కొట్టిన గోడ కెదురుగా చాపలు పరచుకొని కూర్చుండి, ఆ దినమే పెట్టె విప్పిన ప్రొజెక్టరు వెలుగు ఎప్పుడు పడునా యని కాచుకొని యుండగా, వెలుగు పడనే పడినది. కాని దానితో కూడ మూడు నల్లని రెక్కలును గోడమీద పడి, కథానాయకుని ముఖముపై గిరగిర తిరుగజొచ్చినవి. నడవ నడుమ దూలమునుండి వ్రేలాడు ఫ్యాను సరిగా వెలుగు దారిలో నున్నదని తెలియుటకు మాకు కొంచెము సేపు పట్టినది. పిల్లలు పకపక నవ్విరి. ఫ్యాను ఆపగా రెక్కలు తిరుగుట మానినవి గాని నీడ మానలేదు. పైగా ఏప్రిలు నెల యుక్క అందరిని ఒక్కమారుగా చుట్టుకొన్నది.

ఆ యింటి పెద్దాయన, పడుచుతనమున టూరింగు టాకీసులో ఆపరేటరుగా పనిచేసి, ఆ మీదట సేద్యములో స్థిరపడినవాడు, అంతవరకును మూలనున్న మంచముమీద నోరు మెదపక కూర్చుండి, అప్పుడు మెల్లగా అన్నాడు: "గోడను సూసినారు, ధరను సూసినారు, దీపానికి తావు సూసుకోలేదు గదప్పా." ఆ మాటలో కోపము లేదు, ఎగతాళియు లేదు, పనివాడు పనిలోని తప్పును చూపునట్లు చూపినాడు, అంతే. కాని ఆ మాట నన్ను చాల దినములు విడువలేదు. తెరమీద బొమ్మలాడించుటకు మానవుడు చేసిన ప్రయత్నముల నన్నిటిని వరుసగా తలచుకొనగా, దీపము కొక తావు వెదకుటయే వానిలో ముఖ్యమైన పనియనియు, ఆ తావు మారినప్పుడెల్ల ఆటయు, ఆట చూచు జనులును, వారు కూర్చుండు తీరును మారిపోయినవనియు నాకు తోచినది. ఆ కథను ఈ సీమలో నిలిచి చెప్పుకొనుటకు తగిన కారణములు లేకపోలేదు.

ఆలూరు పెద్ద పట్టణము కాదు. హగరి నుండి ఆదోని, ఎమ్మిగనూరుల మీదుగా పోవు రహదారిపై, నల్లరేగడి చేల నడుమ నున్న ఒకప్పటి తాలూకా కేంద్రము. తెలుగును కన్నడమును ఒకే వాకిట వినవచ్చు ఊరు. 1800లో నిజాము ఈ ప్రాంతమును ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తము చేసినందున ఇది దత్తమండలములలో చేరి, తామస్ మన్రో పాలనను చూచి, తరువాత చిరకాలము బళ్ళారి జిల్లాలో భాగమై యుండి, 1953 అక్టోబరు 1వ తేదీని ఆంధ్ర రాష్ట్రము అవతరించినప్పుడు ఆదోని, రాయదుర్గము తాలూకాలతో పాటు బళ్ళారిని విడిచి ఇవతలి కొచ్చినది. దత్తమండలమను పేరు అవమానకరముగా నున్నదని 1928లో నంద్యాల మహాసభయందు పెద్దలు దానికి రాయలసీమ యని నామకరణము చేసిరి. అందరును ఆ క్రొత్త పేరునే వాడుచుండగా, సినిమా వ్యాపారులు మాత్రము నేటికిని ఈ ప్రాంతపు వసూళ్ళను 'సీడెడ్' అను పద్దుక్రిందనే వ్రాసికొనుచున్నారు. మన్రో దొర కాలపు మాట వెండితెర లెక్కలలో నిలిచియుండుట వింతయే గదా!

ఈ సీమలో తెరకును దీపమునకును మొదటి సంబంధము కలిపినవారు తోలుబొమ్మలాటగాండ్రు. వీరశైవ కవియైన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున ఈ ఆటను పేర్కొన్నాడు గనుక, ఆరేడు వందల యేండ్లకు పూర్వమే తెలుగునాట ఇది వాడుకలో నున్నదని చెప్పవచ్చును. అనంతపురపు సీమలోని నిమ్మలకుంటలో నేటికిని బొమ్మలు చేయు కుటుంబములు కలవు. ఆ గ్రామస్థుడైన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. మేకతోలును కడిగి, గీకి, కాంతి తనలోనుండి పారునంత పలుచన చేసి, చెమ్కీ పని వలె చిన్న చిన్న రంధ్రములు తొలిచి, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు రంగులు వేసి, కీళ్ళను త్రాటితో ముడివేసి, నిలువెత్తు రావణుని సిద్ధపరచుదురు. రెండు తెల్లని పంచెలను కలిపి కుట్టి, గుంజలకు బిగించి, కొంచెము ముందునకు వాల్చి కట్టుదురు. తెర వెనుక ఆముదపు దివ్వెలు వెలుగును. దివ్వెలకును తెరకును నడుమ బొమ్మయు, బొమ్మ వెనుక ఆడించువాడును ఉందురు. కాలిక్రింద చెక్కబల్ల పరచి యుద్ధఘట్టమున దానిని తొక్కినచో తెర యివతల కూర్చున్న పిల్లవాని గుండె దడదడలాడును.

ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపదగినది. తోలుబొమ్మ నీడ నల్లని నీడ కాదు, రంగుల నీడ. కాంతి బొమ్మ చుట్టును పోవుటయే గాక బొమ్మలోనుండి కూడ పోవును. పారదర్శకమైన చిత్రమును దీపమునకును తెరకును నడుమ నిలుపుట యను సూత్రము తరువాతి కాలమున గాజుపలకకును, ఫిల్ము రీలుకును, నేటి ద్రవస్ఫటికపు పలకకును మూలమైనది. బొమ్మను తెరకు ఆనించినచో గీతలు స్ఫుటముగా నుండును; జానెడు వెనుకకు లాగినచో నీడ పెద్దదై, అలుకుకొనిపోవును. హనుమంతుడు శరీరమును పెంచునప్పుడు ఆటగాడు చేయు పని యిదియే. దూరము, పరిమాణము, స్ఫుటత్వము అను మూడింటికి గల బాంధవ్యమును ఏ శాస్త్రగ్రంథము చదువకయే ఆతడు చేతివ్రేళ్ళతో ఎరిగినవాడు. బంగారక్కయు జుట్టుపోలిగాడును వచ్చి నవ్వించునంతసేపును నూనె తరగిపోవు దివ్వెకు నూనె పోయుటకై లోపల ఒక స్త్రీయో పిల్లవాడో కాచుకొనియుండును. దీపమప్పుడు ఆటగాని కుటుంబములోనిది. జనులు దానిని చూడరు.

పాశ్చాత్య దేశములలో దీపము తెర యివతలికి వచ్చినది. 1659 ప్రాంతమున హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ కటకములను అమర్చిన దీపపు పెట్టెను నిర్మించెను; గాజుపలకపై వ్రాసిన చిన్న బొమ్మ దానివలన గోడపై పెద్దదిగా పడినది. ఇదియే మ్యాజిక్ లాంతరు. మొదట నూనెదీపమునకే పరిమితమైన దాని వెలుగు, పందొమ్మిదవ శతాబ్దమున సున్నపు ముక్కను ఆక్సిజను, హైడ్రోజను మంటలో కాల్చి తెల్లగా వెలిగించు పద్ధతి వచ్చిన తరువాత, పెద్ద సభామందిరములకు చాలినంతగా పెరిగినది. మన యింటి గోడకు తెలుపు నిచ్చు సున్నమే ఒకప్పుడు దీపమునకును తెలుపు నిచ్చినదన్న మాట. మన దేశమున క్రైస్తవ మిషనరీలు ఈ లాంతరును ఊరూర త్రిప్పి క్రీస్తు చరిత్రను చూపిరి. మహారాష్ట్రమున కల్యాణవాసియైన మహాదేవ పట్వర్ధన్ 1892లో తన కుమారులతో కలిసి రామాయణాది కథలను 'శాంబరిక ఖరోలిక' యను పేర ప్రదర్శించెను. ఈ ఆటలో దీపము జనుల నడుమ కొచ్చి కూర్చున్నది. పలక మార్చువాని చేయి అందరికిని కనబడును. తలయెత్తినవాని నీడ అందరిమీదను పడును.

1896 జూలై 7వ తేదీని బొంబాయి వాట్సన్ హోటలులో లూమియేర్ సోదరుల కదలు బొమ్మలను ప్రదర్శించిరి. అప్పటికి పాతికేండ్ల పూర్వమే, 1871లో, మద్రాసునుండి వచ్చిన రైలుదారియు బొంబాయినుండి వచ్చిన రైలుదారియు రాయచూరు వద్ద కలిసికొన్నందున, గుంతకల్లు, ఆదోని స్టేషనులు దేశపు రెండు మహానగరముల నడిమి దారిలో పడినవి. దూది బేళ్ళు పోవు ఈ దారినే కాలక్రమమున రీళ్ళ పెట్టెలు వచ్చినవి. దక్షిణమున ఈ విద్యకు ఆద్యులలో నొకడైన సామికన్ను విన్సెంటు రైల్వే ఉద్యోగియే. తిరుచిరాపల్లిలో పనిచేయుచు, 1905లో ఒక ఫ్రెంచివాని యొద్ద ప్రొజెక్టరును కొన్ని ఫిల్ములను కొని, ఉద్యోగము విడిచి, డేరా వేసికొని ఊరూర తిరిగెను. మచిలీపట్టణమున పుట్టి మద్రాసులో ఛాయాచిత్రకారుడై స్థిరపడిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించి, గ్రామఫోను పలక పాటకు కదలుబొమ్మను జతచేసి చూపి, బర్మా, సింహళముల వరకును పోయి వచ్చి, పిమ్మట మద్రాసులో గెయిటీ థియేటరును కట్టించెను.

బళ్ళారి సీమకు తెర క్రొత్త కాదు; అది నాటకముల రాజధాని. ధర్మవరము కృష్ణమాచార్యులు 1886లో సరసవినోదినీ సభను స్థాపించెను. కోలాచలము శ్రీనివాసరావు సుమనోరమ సభకు చారిత్రక నాటకములను వ్రాసెను. ఆ గాలి పీల్చి పెరిగిన బళ్ళారి రాఘవ దుర్యోధనాది పాత్రలతో దేశమంతయు కీర్తి గడించెను. నాటకమున దీపము నటుని ముఖముమీద పడవలెను గాని అతని వెనుకను కాదు, ప్రేక్షకుని వెనుకను కాదు. ఆ రాఘవయే 1936లో ద్రౌపదీ మానసంరక్షణము చిత్రములో నటించినప్పుడు, ముఖముమీది దీపము స్టూడియోలో నిలిచిపోయి, మరియొక దీపము ఆ ముఖమును ఊరూర మోసికొనిపోయినది. ఒక నటుడు ఒకే రాత్రి ఆదోనిలోను మద్రాసులోను కనబడుట అంతకుముందు ఎవరును ఎరుగని వింత.

జనుల నడుమ కూర్చున్న దీపమును గదిలో బంధించినది అగ్నిభయము. 1897 మే 4వ తేదీని పారిసు నగరమున ఒక ధర్మార్థపు సంతలో ప్రొజెక్టరు దీపమునకు వాడు ఈథరు అంటుకొని, నూట యిరువదిమందికి పైగా ఆహుతియైరి. ఆ కాలపు ఫిల్ము సెల్యులోజు నైట్రేటుతో చేసినది; ఒకమారు అంటుకొన్నచో ఆర్పుట దుస్సాధ్యము, నీటిలో ముంచినను మండును. కాబట్టి దేశదేశముల చట్టములు యంత్రమును నిప్పంటని గదిలో నుంచవలెనని నిర్బంధించినవి. మన దేశపు 1918 నాటి సినిమాటోగ్రాఫు చట్టమునకు సెన్సారు ఒక ప్రయోజనము కాగా, ప్రదర్శనశాలలకు లైసెన్సు విధించి ప్రజల ప్రాణములు కాపాడుట మరియొకటి. ఆంధ్ర రాష్ట్రమునకు 1955లో ప్రత్యేకముగా సినిమాల నియంత్రణ చట్టము వచ్చినది. హాళ్ళ పెద్ద రీళ్ళకును మండని ఫిల్ము 1950 ప్రాంతమున వచ్చి నైట్రేటును వెడలగొట్టినను, గది మాత్రము పోలేదు. దీపము ప్రేక్షకుల వీపువెనుకకు పోయి, గోడలోని చతురస్రపు కన్నమునుండి తొంగిచూచుట మొదలిడినది.

మా పెద్దాయన చెప్పు కథలు ఈ గదినుండియే మొదలగును. వేరుసెనగ, జొన్న కోతలు ముగిసి రైతుచేతిలో నాలుగు రూకలు ఆడు కాలమునకు ఊరిబయట డేరా లేచును. డేరాకు పైకప్పు కాన్వాసు, గోడలు తడికలు. వెలుతురు చొరబడకుండ ఆపలేవు గనుక పగటి ఆట లేదు, ప్రొద్దు గూకిన తరువాత మొదటాట, రెండో ఆట మాత్రమే. నేల, బెంచి, కుర్చీ యని మూడు తరగతులు. నేలవారు ఇసుకను ప్రోగుచేసికొని ఎత్తుగా కూర్చుందురు. వెనుకవాడు అంతకంటె పెద్ద ప్రోగు చేయును. మైకులో పాటలు ఆగి, భక్తిగీతము వచ్చినచో ఆట మొదలగునని రెండుమైళ్ళ దూరమునుండి బండ్లలో వచ్చువారికి కూడ తెలియును. ఒకటే ప్రొజెక్టరు గనుక రీలు మార్చునప్పుడెల్ల విరామమే. వెయ్యి అడుగుల రీలు సెకనుకు 24 చిత్రముల చొప్పున ఇంచుమించు 11 నిమిషములు నడచును. పదునారు రీళ్ళ చిత్రమనగా మూడుగంటల కథ. రీలు తెగినచో అంటించువరకు ఈలలు, కేకలు, బొరుగుల వ్యాపారము.

ఆ గదిలోని దీపమును గూర్చి ఆయన చెప్పునప్పుడు చేతులు వాటంతట అవే కదలును. పెన్సిలు వంటి రెండు కార్బన్ కడ్డీలను ఎదురెదురుగా బిగించి, ఏకముఖ విద్యుత్తును పారించి, మొనలను ఒక్క క్షణము తాకించి వెంటనే ఎడముచేసినచో, ఆ యెడములో కన్ను నిలుపరాని తెల్లని జ్వాల పుట్టును. మొనయొద్ద వేడిమి 3500 డిగ్రీలకు పై మాట. కడ్డీలు నిమిషనిమిషమునకు కాలి తరుగును, ఎడము పెరిగినచో తెరమీద బొమ్మ పసుపుబారి వణకును, నేలనుండి "కార్బన్, కార్బన్!" అను కేక లేచును. ఆపరేటరు నల్లద్దములోనుండి జ్వాలను చూచుచు మరను కొద్ది కొద్దిగా త్రిప్పుచు కడ్డీలను దగ్గరకు జరుపుచుండవలెను. "కత ఏమైందో మాకు తెల్దు. హీరోయిన్ ఏడుస్తాందా నవ్వుతాందా మాకెందుకు? మంట నిలబడిందా లేదా, అంతే" అని ఆయన చెప్పును. మన పూర్వులు తోలుబొమ్మల తెర వెనుక దివ్వెకు నూనె పోసిన చేయియే ఇది. చోటు మారినది, పని మారలేదు.

సినిమా యంత్రములో మరియొక విచిత్రము కలదు. చిత్రము పళ్ళచక్రముచే క్రిందికి లాగబడు లిప్తపాటులో తెరమీద వెలుగు పడినచో గీతలు అలుకుకొనిపోవును గనుక, షట్టరు రెక్క దీపమునకు అడ్డు వచ్చును. నిలిచియున్న చిత్రమునకు కూడ మిణుకు తెలియకుండుటకై మరియొకమారు అడ్డు వచ్చును. ఈ విధముగా ఆట జరుగు కాలములో ఇంచుమించు సగము తెరమీద నిజముగా చీకటియే. కన్ను ఆ చీకటిని గుర్తింపక వెలుగుముక్కలను మాత్రము కూర్చుకొని కదలికగా గ్రహించును. వెలుగుతో పాటు చీకటిని కూడ కొలిచి వడ్డించువాడే నేర్పరియైన ఆపరేటరని నాకు అప్పుడు తెలిసినది.

దీపము జనుల నడుమనే కూర్చున్న పాత పద్ధతి పూర్తిగా చావలేదు. 1923లో కొడాక్ కంపెనీ తెచ్చిన పదునారు మిల్లీమీటర్ల ఫిల్ము మండనిదగుటచే, ఆ చిన్న యంత్రమునకు ఇనుపగది అక్కరలేదు. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వ ప్రచారశాఖల జీపు ఊరికి వచ్చి, చావిడియొద్ద తెల్లగుడ్డ కట్టి, బల్లమీద ప్రొజెక్టరు నుంచి, మశూచి టీకాను గూర్చియు, ఎరువులను గూర్చియు డాక్యుమెంటరీలు చూపినప్పుడు, పిల్లలలో సగముమంది తెరను చూచుటకంటె తిరుగు రీలును చూచుటకే మూగుచుండిరి. ఆదోని దూది వ్యాపారముతో 'రెండవ బొంబాయి' యని పేరుపొందుటయు, ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించి మగ్గమునకు నిలకడ తెచ్చుటయు, తుంగభద్ర నీరును కరెంటును ఈ సీమకు అందుటయు ఒకదానివెంట నొకటి జరిగినవి. చేతిలో కూలి, తలపైన కరెంటుదీపము ఉన్న ఊళ్ళలో డేరాల స్థానమున రాతిగోడల హాళ్ళు లేచినవి. అప్పటినుండి మాట్నీ యను పగటి ఆటయు వచ్చినది. పగలు చీకటిని కొనుక్కొనుట యను భోగము ఈ సీమ రైతుకు అదే మొదలు.

తరువాతి మార్పు దీపమును తెరలో కలిపివేసినది. టెలివిజనులో దీపమును తెరయు ఒక్కటే. 1982లో రంగుల ప్రసారము వచ్చినది; 1987, 88 సంవత్సరములలో ఆదివారము ఉదయము రామాయణము వచ్చునప్పుడు ఊరిలో నున్న నాలుగైదు పెట్టెల యెదుట వాకిళ్ళు నిండినవి. దానికి చీకటి అక్కరలేదు, దూరము లెక్క అక్కరలేదు, ఆపరేటరు అక్కరలేదు. ఎవ్వరును దానిని కాపాడనక్కరలేదు గనుకనే కాబోలు, ఎవ్వరును దాని కొరకు ప్రత్యేకముగా కూర్చుండుట క్రమముగా మానిరి. వంట చేయుచు చూచిరి, అన్నము తినుచు చూచిరి, చూడకయే చూచిరి.

ఎలక్ట్రానిక్ చిత్రమును మరల గోడకెక్కించు ప్రయత్నము టెలివిజను బాల్యముననే మొదలైనది. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ ఫిషర్ 1939లో కనిపెట్టిన ఐడోఫోరు యంత్రము సన్నని నూనెపొరపై ఎలక్ట్రానులతో ముడుతలు పుట్టించి, ఆ ముడుతలచే ఆర్కుదీపపు కాంతిని మలచినది; దివ్వెలో మండిన నూనె ఇచ్చట బొమ్మ గీయుటకు పనికివచ్చినది. 1970ల ఆరంభమున అమెరికాలో హెన్రీ క్లాస్ ఇండ్లలో వాడదగిన వీడియో ప్రొజెక్టరును అమ్మెను. 1984లో జీన్ డోల్గాఫ్ ద్రవస్ఫటికపు పలకతో ప్రొజెక్టరును రూపొందించెను. 1987లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో లారీ హార్న్‌బెక్ సూక్ష్మదర్పణములు గల చిప్పును నిర్మించెను. నేటి ఇంటి ప్రొజెక్టరులలో అధికభాగము ఈ రెండు వంశములకు చెందినవే. మొదటిది తోలుబొమ్మ వలె వెలుగును తనలోనుండి పారనిచ్చును. రెండవది అద్దమువలె వెలుగును త్రిప్పికొట్టును. సినిమాహాళ్ళలో కూడ 2010 తరువాత కొద్ది యేండ్లలోనే రీళ్ళు పోయి డిజిటల్ యంత్రములు నిలిచినవి. అంతకు ముందే గ్జెనాన్ దీపము వచ్చి కార్బన్ కడ్డీని మూలకు నెట్టినది.

ఇక మా ఆలూరి నడవకు మరలుదము. ఆ గది పొడవు 18 అడుగులు, వెడల్పు 11. నూరంగుళముల బొమ్మ కావలెనని యింటివారి కోరిక. పదునారుకు తొమ్మిది పాళ్ళలో నుండు ఆ బొమ్మ వెడల్పు ఏడుంబావు అడుగులు, ఎత్తు నాలుగడుగులు. వెడల్పునకు ఒకటిన్నర రెట్లు దూరమున నుండవలసిన యంత్రము గనుక గోడకు 11 అడుగుల దూరమున దూలమునకు వ్రేలాడదీసిరి. ఫ్యాను తొమ్మిదవ అడుగున నున్నది. కొనుటకు ముందు ఒక టేపును, ఒక కాగితమును తీసికొని గది నడుమ నిలిచియున్నచో ఈ సంగతి అంగడికి పోకమునుపే తెలియును. పెద్దాయన చెప్పిన 'తావు' అర్థమిదియే.

పెట్టెమీది అంకెల విషయము వేరొక పాఠము. వెలుగు కొలతగా వేలకొలది ల్యూమెన్లని అట్టపై అచ్చువేసినదెల్ల నిజమైన కొలత కాదు. ప్రమాణబద్ధముగా కొలిచిన ఆన్సీ ల్యూమెన్లు ఎన్నియని అడుగవలెను. '1080 సపోర్టు' అనుటకును, పలకలోనే 1920కి 1080 బిందువులు ఉండుటకును నడుమ ఆవగింజకును గుమ్మడికాయకును ఉన్నంత భేదము కలదు. ఐనను అసలు విషయము చీకటి. డిజిటల్ సినిమాహాలు తెరమీది వెలుగునకు ప్రమాణము 14 ఫుట్ లాంబర్టులు. మన నూరంగుళముల బొమ్మ వైశాల్యము 30 చదరపుటడుగులకు కొంచెము తక్కువ గనుక, సాధారణమైన తెల్లని తెరకు 400 పైచిలుకు నిజమైన ల్యూమెన్లు చాలును. అంత తక్కువ చాలునన్న మాట నమ్మశక్యము కాదు. కాని అది పూర్తి చీకటిలో. కిటికీ సందునుండి ఒక వీధిదీపము లోనికి వచ్చినచో ఆ లెక్క తారుమారగును. నలుపును ఏ ప్రొజెక్టరును గోడమీద పూయలేదు. గదిలో ఎంత నలుపున్నదో బొమ్మలో అంతకంటె మించిన నలుపుండదు. కాబట్టి యంత్రమునకు అదనముగా పదివేలు పెట్టుటకంటె కిటికీకి దళసరి పరదా కుట్టించుట మేలు.

ఫ్యాను ఆపి చెమటలు కారుచుండగా పెద్దాయన లేచి, యంత్రమును దూలమునుండి దింపించి, ఎత్తు పీటమీద గోడకు ఎనిమిదడుగుల దూరమున పెట్టించెను. బొమ్మ 73 అంగుళములకు తగ్గినది. పిల్లల ముఖములు చిన్నవైనవి. కాని వెలుగు అంతయు సగమునకు కొంచెము మించిన చోటనే పడుటచే బొమ్మ కాంతి ఇంచుమించు రెట్టింపైనది. నీడలలో నున్న ముఖములు మొదటిమారు కనబడినవి. పీట ముందర ఎవ్వరును కూర్చుండరాదని, అందరును దీపము వెనుక, గోడకు పది పండ్రెండడుగుల దూరమున కూర్చుండవలెనని కట్టడి చేసినాడు. యంత్రపు ముక్కును పైకెత్తి, పైన వెడల్పును క్రింద ఇరుకును అయిన బొమ్మను కీస్టోను మీటతో సరిదిద్దబోయిన కుర్రవానిని వారించి, "అది బొమ్మను కోసి సదును సేస్తాది. పీటనే ఎత్తు సెయ్యి" అని, పీట క్రింద రెండు ఇటుకలు పెట్టించి, గ్లాసులో సగము నీరు పోసి యంత్రముమీద క్షణము నిలిపి, నీటిమట్టము చూచి, గ్లాసు తీసివేసి తృప్తిగా తలయూపినాడు. గాలి పీల్చు వైపునున్న జల్లెడను విప్పి చూపించి, మన రేగడి దుమ్ము పదునైదు దినములకొకమారు తుడువనిచో లోపలి వేడి బయటికి పోక దీపము ఆయువు తగ్గునని హెచ్చరించినాడు.

ఫ్యాను మరల తిరిగినది. ఈసారి దాని నీడ ఎవరిమీదను పడలేదు.

అప్పుడు నాకు స్ఫురించినది: వంద యేండ్లు ప్రేక్షకుని వీపువెనుక నిలిచిన దీపము మరల అతని ముందునకు వచ్చినది. ఇటీవల అల్ట్రా షార్ట్ త్రో అను జాతి యంత్రములు గోడకు మూరెడు దూరముననే, తెర పాదముననే నిలిచి, పైకి వెలుగు చిమ్మి పెద్ద బొమ్మను చూపుచున్నవి. వానికి ఫ్యాను అడ్డు లేదు, తల అడ్డు లేదు. మరియొక్క మూరెడు జరిగి తెర దాటినచో దీపము తోలుబొమ్మలాటగాని చోటికే చేరును. ఐనను అది అదే చోటని నేననలేను. ఆటగాని దీపమునకు నూనెపోయు మనిషి కావలెను. టాకీసు దీపమునకు కడ్డీ జరుపు మనిషి కావలెను. నేటి దీపము తన్ను తాను చూచుకొనును. మనిషి చేయవలసినది దానికి తావు చూపుట యొక్కటే. ఆ యొక్క పనినే మేము మరచిపోయితిమి.

ఆట ముగిసినది. పిల్లలు చాపలు చుట్టిరి, ఒక కుర్రవాడు గోడయొద్దకు పోయి ప్లగ్గు పీకబోయెను. పెద్దాయన చేయెత్తి ఆపినాడు. తెరమీద ఏమియు లేదు; యంత్రములోని చిన్న ఫ్యాను మాత్రము బుస్సుమనుచు తిరుగుచున్నది, దీపపు వేడిని బయటికి తోడుచున్నది. ఆయన పీట ప్రక్కన చతికిలబడి, యంత్రపు వీపుమీద అరచేయి వేసి, ఆ చప్పుడు సన్నగిల్లి పూర్తిగా ఆగువరకును కూర్చుండి, ఆ తరువాత, "ఇంగ పీకు" అన్నాడు.